ఒక చేతి రెండు విద్యలు

బొమ్మలలో రెండు జాతులు కలవని లోకులు తలంతురు. ఒకటి, చూచి నవ్వి పారవేయునది. రెండవది, గోడకు తగిలించి మౌనముగా చూడదగినది. మొదటివి పిల్లల సొత్తనియు, రెండవవి పెద్దల సొత్తనియు వారు నడుమ ఒక గోడ కట్టుదురు. ఆ గోడకు ఇరుప్రక్కలను పనిచేసి, రెండు చోట్లను పేరుగాంచిన చిత్రకారుడు లయొనెల్ ఫైనింగర్.

ఫైనింగర్ 1871వ సంవత్సరమున అమెరికాలోని న్యూయార్కు నగరమున జన్మించెను. తండ్రి వయొలిన్ విద్వాంసుడు, తల్లి గాయని. ఇంటి విద్యయైన సంగీతమును అభ్యసించుటకై అతడు 1887లో, పదునారేండ్ల ప్రాయమున, జర్మనీ దేశమునకు పోయెను. అచ్చటికి చేరిన పిమ్మట బాలుని మనస్సు వయొలిన్ నుండి పెన్సిలు మీదికి మరలెను. హాంబర్గులోను, తరువాత బెర్లినులోను చిత్రలేఖనము నేర్చి, పత్రికలకు హాస్యచిత్రములు గీయుట మొదలుపెట్టెను. పదునైదేండ్లకు పైగా ఆ వృత్తియే అతనికి జీవనాధారమయ్యెను. బెర్లినులో మంచి పేరే వచ్చినది. కాని సంపాదకుడు చెప్పిన విషయమును, చెప్పిన గడువులోపల గీసి యీయవలసిన పని అది. తన మనస్సులోని బొమ్మను గీయుటకు తీరిక యెన్నడు దొరకునాయని అతడు వేగిరపడుచుండెను.

ఇట్లుండగా 1906లో చికాగో నగరపు 'ట్రిబ్యూన్' పత్రికనుండి పిలుపు వచ్చెను. ఆ కాలమున అమెరికా పత్రికలు ఆదివారమునాడు రంగురంగుల బొమ్మలకథల పుటలను ప్రత్యేకముగా అచ్చువేసెడివి. నేటి పిల్లలు బొమ్మలకథలను తొలుత టెలివిజనులో చూచి, పిదప పుస్తకములలో చదువుచున్నారు. హైదరాబాదులోని గ్రీన్ గోల్డ్ సంస్థవారు నిర్మించిన 'ఛోటా భీమ్' 2008లో టెలివిజనులో కానవచ్చిన తరువాతనే హాస్యపుస్తకములకు ఎక్కెను. అమెరికాలో 1960లో టెలివిజనున ప్రారంభమైన 'ఫ్లింట్‌స్టోన్స్' కథయు అట్లే మరుసటి యేట పుస్తకమయ్యెను. ఫైనింగర్ కాలమున తెర లేదు. కదలని బొమ్మలే కదలినట్లు భ్రమ కలిగింపవలెను. ఆ భారమంతయు గీతమీదనే పడెడిది.

చికాగోలో జర్మను కుటుంబములు పెక్కు కాపురముండెను గనుక, పత్రికా సంపాదకుడు స్వయముగా జర్మనీకి పోయి చిత్రకారులను కుదుర్చుకొనెను. వారిలో ఫైనింగర్ ఒకడు. అతడు తన కథకు 'కిండర్ కిడ్స్' అని పేరు పెట్టెను. కథను ప్రకటించిన మొదటి పుటలో తననే తోలుబొమ్మలాటవానివలె గీసికొని, పాత్రలన్నిటిని తన వ్రేళ్ళనుండి దారములతో వ్రేలాడదీసెను.

ఆ పాత్రలు తమాషా ఐనవి. ఏ ఆపద వచ్చినను చదువుచున్న పుస్తకమునుండి తల యెత్తని పండితబాలు డొకడు; ఎంత తిన్నను ఆకలి తీరని తిండిపో తొకడు; కండలు పెంచిన బలశాలి యొకడు; కీలు త్రిప్పి నడిపించు మరబాలు డొకడు. వీరందరును ఒక కుక్కను వెంటబెట్టుకొని, ఇంటిలోని స్నానపు తొట్టిని నావగా చేసికొని సముద్రముమీద బయలుదేరుదురు. ఆముదపు సీసా చేతబట్టి వీరిని తరుముకొనుచు అత్త యొకతె వెంటబడును. ఆముదమనిన ఎట్టి భయమో మన యిండ్లలోని పెద్దలకు వేరుగ చెప్పనక్కరలేదు.

అదే యేట అతడు గీసిన రెండవ కథలో విల్లీ వింకీ అను చిన్నబాలుడు ఒంటరిగా ఊరూర తిరుగుచుండును. వాని కంటికి ప్రాణము లేని వస్తువు లేదు. ఇంటి కిటికీలు కన్నులై చూచును. మేఘములు ముఖములు చిట్లించును. రైలింజను అలసి నిట్టూర్చును. ముసలిచెట్లు వంగి పలుకరించును. ఈ పుటలలో నవ్వు తక్కువ, ఆశ్చర్యమెక్కువ. ఫైనింగర్ లోపలి చిత్రకారుడు మొట్టమొదట బయటపడినది పెద్దల చిత్రశాలలో కాదు, ఈ పిల్లల పుటలలోనే.

చికాగోకు వచ్చి కాపురముండుటకు ఫైనింగర్ అంగీకరింపలేదు. సంవత్సరము తిరుగకమునుపే ఒప్పందము ముగిసెను. కిండర్ కిడ్స్ కథ నడిమధ్య తెగిపోయెను. ఆ స్నానపు తొట్టి ఇల్లు చేరినదో లేదో చదువరులకు తెలియనే లేదు. లక్షల ప్రతులు అచ్చైన పుటలైనను వార్తాపత్రిక ఆయుర్దాయము ఒక్క దినమే కదా! సోమవారమునాటికి అవి పాతకాగితములు.

పత్రికలవారు ఇచ్చిన ధనముతో అతడు పారిసులో నివసించి, ముప్పదియారవ యేట తైలవర్ణచిత్రములు గీయుటకు పూనుకొనెను. మఱియొకడైనచో ఈ వయస్సున క్రొత్తవిద్య యేలయని వెనుదీసి యుండును.

జర్మనీలో అప్పటికే ఒక నూతన చిత్రోద్యమము తల యెత్తియుండెను. దానికి ఎక్స్‌ప్రెషనిజ మని పేరు. కంటికి కనబడిన దానిని కనబడినట్లు గీయుట ఆ చిత్రకారుల లక్ష్యము కాదు. మనస్సునకు తోచిన భయము, ఉత్సాహము, వేదన బొమ్మలో కనబడవలెను. అందుకై రూపము వంకరపోయినను, ముఖము ఆకుపచ్చనైనను తప్పులేదని వారి మతము. 1905లో డ్రెస్డెన్ నగరమున నలుగురు వాస్తువిద్యార్థులు 'వంతెన' అను అర్థముగల పేరుతో ఒక సంఘమును స్థాపించి, కొయ్యచెక్కడపు అచ్చులను తమ ముఖ్యసాధనముగా చేసికొనిరి.

ఆ అచ్చు తీయు విధ మిట్టిది. నున్నని చెక్కమీద బొమ్మ గీసి, తెల్లగా నుండవలసిన తావులను ఉలితో తొలగింతురు. మిగిలిన ఎత్తుభాగమునకు సిరా పూసి, పైన కాగితము వేసి ఒత్తుదురు. పెడన కలంకారీ పనివారి అచ్చుదిమ్మెలు చూచినవారికి ఇది క్రొత్త కాదు. కాగితముపై కుడి యెడమలు తారుమారగును గనుక పనివాడు అంతయు తలక్రిందుగా ఊహింపవలెను. ఉలి జారినచో దిద్దుకొనుటకు వీలులేదు. కుంచెవలె కొయ్య మెత్తగా లొంగదు. అది గట్టిగీతను, కోణమును, నలుపు తెలుపుల ఘర్షణను కోరును. ఎక్స్‌ప్రెషనిస్టులకు కావలసినదియు నదియే.

ఫైనింగర్ 1918లో, మొదటి ప్రపంచయుద్ధము ముగియుచున్న దినములలో, ఉలి చేపట్టెను. ఆ యొక్క సంవత్సరముననే నూటికి పైగా అచ్చుదిమ్మెలు చెక్కెను. జీవితకాలమున చెక్కినవి మూడువందలకు మించినవి. ఓడలు, వంతెనలు, పల్లెలలోని దేవాలయములు వానిలో ముఖ్యములు. ఇచ్చట అతని పూర్వవృత్తి అక్కరకు వచ్చెను. కొద్దిపాటి గీతలతో వస్తువును గుర్తుపట్టునట్లు చేయుట, అక్కరలేని దానిని నిర్దాక్షిణ్యముగా వదలుట హాస్యచిత్రకారుడు దినదినము చేయవలసిన పని. విల్లీ వింకీ చూచిన వంకరయిండ్లే ఇప్పుడు నల్లని కోణములై ఆకాశమునకు పొడుచుకొని నిలిచెను. నవ్వుమాత్రము వానిలో లేదు.

1919 ఏప్రిలులో వాల్టర్ గ్రోపియస్ వైమార్ నగరమున బౌహౌస్ అను కళాశాలను స్థాపించి, ఉపాధ్యాయుడుగా రమ్మని ఫైనింగరును ఆహ్వానించెను. ఆ కళాశాల ప్రకటనపత్రము ముఖపుటకై అతడు చెక్కిన 'కెథీడ్రల్' అను బొమ్మ ప్రసిద్ధము. అందు మూడు శిఖరములు గల దేవాలయమొకటి నిలువుగా లేచును. శిఖరాగ్రములందు మూడు నక్షత్రములు కిరణములు చిమ్ముచుండును. అచ్చుపని శాఖకు అతడే అధిపతియయ్యెను. సాయంకాలము ఇంటికి పోయి తన ముగ్గురు కుమారులకు కొయ్యతో చిన్నచిన్న యిండ్లను, వింతమనుష్యులను చెక్కి రంగులు వేసి యిచ్చుటయు అతడు మానలేదు.

ఆ బౌహౌస్ చిత్రకారుల పనులు 1922 డిసెంబరులో మన కలకత్తా నగరమునకును వచ్చెను. ప్రాచ్యకళాసంఘమువారి ప్రదర్శనమున క్లే, కాండిన్‌స్కీ మొదలగువారి చిత్రములతోపాటు ఫైనింగర్ పనులును ఉంచబడెను. వంగదేశపు చిత్రకారులలో గగనేంద్రనాథ టాగోరు చిత్రములును అచ్చటనే ఉండెను. 1917లో సంఘమునందలి కపటములను ఎత్తిచూపు హాస్యచిత్రములను రాతిముద్రణమున అచ్చువేసినది ఈ గగనేంద్రనాథుడే. కోణములు, వెలుగునీడలతో కూడిన నవీనచిత్రములు గీసినదియు నతడే. గోడకు ఇరుప్రక్కలను పనిచేసిన ఇరువురి చిత్రములు ఒక్క కప్పుక్రింద చేరుట యాదృచ్ఛికమే యైనను ముచ్చటైన విషయము.

1933లో హిట్లరు అధికారమునకు వచ్చెను. బౌహౌస్ మూతపడెను. నవీనచిత్రములన్నియు భ్రష్టకళయని నాజీ ప్రభుత్వము చాటి, జర్మనీ చిత్రశాలలనుండి వేలకొలది పనులను ఊడదీసికొనిపోయెను. వానిలో ఫైనింగర్‌వి వందలకొలదిగా నుండెను. 1937 జూలైలో మ్యూనికు నగరమున వానిలో కొన్నిటిని హేళనచేయుటకై ప్రదర్శించిరి. తన చిత్రములనుచూచి జనులు నవ్వవలెనని ప్రభుత్వమే ఆజ్ఞాపించిన నవ్వది. పిల్లలకై అతడు గీసిన నవ్వుకును దానికిని పొత్తు లేదు. ఆ ప్రదర్శనమునకు కొలదిదినములు ముందే ఫైనింగర్, యూదువంశీయురాలైన భార్య జూలియాతో కూడ, ఏబదియేండ్ల క్రిందట విడిచిన అమెరికాకు మరలివచ్చెను.

ఒక తైలవర్ణచిత్రము కాలిపోయినచో అది మరల లేదు. అచ్చుబొమ్మ అట్లు కాదు. ఒక్క దిమ్మెనుండి తీసిన ప్రతులు ఊరూర చెదరియుండును. ఒక చిత్రశాలనుండి ఊడదీసిన దాని తోబుట్టువు మరియొక దేశమున ఎవరి గోడమీదనో భద్రముగా నుండును. ఫైనింగర్ కొయ్యచెక్కడములు పెక్కు ఇట్లు దక్కినవి. దాచదగినవని ఎవరును తలంపని ఆదివారపు పుటలను సయితము, పాతకాగితములను పోగుచేయు అభిమానులు కొందరు దాచిరి. కిండర్ కిడ్స్ తరువాతికాలమున పుస్తకమై మరల అచ్చయ్యెను.

ఫైనింగర్ 1956 జనవరిలో, తాను పుట్టిన న్యూయార్కు నగరముననే మరణించెను. 2011లో ఆ నగరమందలి విట్నీ చిత్రశాలవారు అతని పనులన్నిటితో గొప్ప ప్రదర్శన మేర్పరచినప్పుడు తైలవర్ణచిత్రములను, కొయ్యచెక్కడపు అచ్చులను, కొడుకులకై చేసిన బొమ్మలను, చికాగో పత్రికలోని ఆ స్నానపు తొట్టి కథను ఒకేచోట ఉంచిరి.