లోహశిల్పి – మధూచ్ఛిష్ట విధానము

ఉత్సవమూర్తి ఉభయ నాంచారులతో తిరువీధులలో వేంచేయునపుడు భక్తుల దృష్టి స్వామి ముఖారవిందముపై నిలుచును. వాహనము మోయువారిని కొనియాడుదురు, అర్చకస్వాములకు నమస్కరింతురు, పూలమాలలు కట్టినవారిని మెచ్చుకొందురు. ఆ దివ్యమంగళ విగ్రహమునకు రూపు తెచ్చిన చేతులెవరివని అడుగువారు మాత్రము అరుదు. నేత్రోన్మీలనము జరిగి, ప్రాణప్రతిష్ఠ ముగిసిన పిదప శిల్పికి ఆ మూర్తిపై అధికారము లేదు. తాను నెలల తరబడి ఒడిలో పెట్టుకొని ఆకురాతితో నునుపు చేసిన పాదములను అతడును అందరివలెనే ద్వారము వెలుపల నిలిచి సేవింపవలసినదే.

ఆ శిల్పి పని యెట్టిదో, బ్రతుకెట్టిదో, విగ్రహము చేయింపదలచిన గృహస్థునకు, ఆలయ ధర్మకర్తకు అతనియెడ గల కర్తవ్యమెట్టిదో తెలిసికొనుట ఈ పాఠము యొక్క ప్రయోజనము.

లోహబేరముల ఆవశ్యకత

వైఖానస ఆలయములలో ధ్రువ, కౌతుక, ఉత్సవ, స్నపన, బలిబేరములని అయిదు మూర్తులు ప్రసిద్ధములు. ధ్రువబేరము తరచుగా శిలామయమై గర్భాలయమున అచలముగా నిలిచియుండును. తక్కిన నాలుగును కదలవలెను, అభిషేకములకు ఓర్వవలెను, ఊరేగింపున భుజములపై నిలువవలెను. కనుక అవి లోహమయములైనవి. తిరుమలలో పల్లవ వంశపు రాణి సామవై సమర్పించిన రజతమూర్తియే భోగ శ్రీనివాసుడు. ఉత్సవములందు దర్శనమిచ్చు మలయప్పస్వామి లోహమూర్తియే. ధ్రువమూర్తి కొండపైననే ఉండగా, భక్తుని వీధిలోనికి వచ్చునది లోహబేరమే. కదలలేని వృద్ధులకు, ఆలయ ప్రవేశమునకు అశక్తులైన రోగులకు స్వామి ఎదురువచ్చుటకు ఆధారము లోహశిల్పి శ్రమయే.

లోహమున రూపములు తీర్చు మార్గములు ఒక్కటి కాదు. శ్రీకృష్ణదేవరాయలు 1515లో కొండవీటి దుర్గమును జయించెను. 1517లో తిరుమలలో తనవియు, తిరుమలదేవి, చిన్నాదేవులవియు ప్రతిమలను నెలకొల్పెను. మహాద్వారము దాటి లోనికేగు యాత్రికులు నేటికిని వానిని చూడగలరు. అవి రాగిరేకును సుత్తితో మలచి తీర్చిన బోలు ప్రతిమలు. పూజాబేరముల మార్గము వేరు. వానిని మైనముతో చేసి, మూసలో కరగించి, పోతపోయుదురు. దీనికే మధూచ్ఛిష్ట విధానమని పేరు. మధూచ్ఛిష్టమనగా తేనె తీయగా మిగిలినది, అనగా మైనము.

ఈ విద్య కృష్ణానదీ దిగువ ప్రాంతమునకు కొత్తది కాదు. పూర్వపు గుంటూరు జిల్లాలోని బుద్ధపాడున దొరికిన కంచు బుద్ధప్రతిమలు నేడు లండనులోని బ్రిటిష్ మ్యూజియములో ఉన్నవి. ఇప్పటి పత్తి చేలకు, మిరప తోటలకు చేరువలోనే పదునాలుగు శతాబ్దులకు పూర్వము కొలుములు వెలిగినవని అవి సాక్ష్యమిచ్చుచున్నవి. వానిని పోసినవాని పేరు మాత్రము ఎవరికిని తెలియదు.

శాస్త్రము చెప్పిన క్రమము

మానసారమున మధూచ్ఛిష్ట విధానమునకు ప్రత్యేకముగా ఒక అధ్యాయము కలదు. లోహమూర్తిని చేయదలచినచో ముందుగా మైనముతో చేసి మట్టి కప్పవలెనని విష్ణుసంహిత విధించుచున్నది. కళ్యాణి చాళుక్య ప్రభువైన మూడవ సోమేశ్వరుడు పండ్రెండవ శతాబ్దమున రచించిన మానసోల్లాసము ఈ క్రమమును మిక్కిలి విపులముగా తెలుపును. ఆ గ్రంథమునకే అభిలషితార్థ చింతామణి యని నామాంతరము.

మొదట కొలత. విష్ణుమూర్తికి ఉత్తమ దశతాళము, అనగా పాదాది కేశాంతము 124 దేహాంగుళములు. దేవేరులకు మధ్యమ దశతాళము, 120 అంగుళములు. శిల్పి ఈ మానమును అనుసరించి మైనముతో మూర్తిని తీర్చును. మైనము మరీ మెత్తనగుటచేత దానిలో గుగ్గిలము కలుపుట దక్షిణదేశ శిల్పుల వాడుక. శంఖచక్రములు, కిరీటపు నగిషీ, యజ్ఞోపవీతము, వ్రేళ్ళ కణుపులు అన్నియు మైనమునందే ఏర్పడవలెను. మైనమున లేని అందము లోహమున రాదు.

పిమ్మట వీపునందు, భుజములందు, మెడయందు లేక కిరీటమునందు మైనపు నాళములను అతికింపవలెను. వాని కొనలు ఉమ్మెత్తపూవు వలె విచ్చుకొనియుండవలెనని మానసోల్లాసము చెప్పుచున్నది. కరగిన లోహము లోనికి పోవుటకు, లోని గాలి వెలికి వచ్చుటకు అవియే దారులు.

అటు తరువాత మట్టి. ఈ సీమవారు ఇచట ఒక విశేషమును గమనింపవలెను. మట్టిలో కాల్చిన ఊక మసియు, పలుమారులు సన్నముగా తరిగిన పత్తియు, కొంచెము ఉప్పుపొడియు చేర్చి రాతిపై మెత్తగా నూరవలెనని ఆ రాజగ్రంథకర్త విధించెను. గుంటూరు, ప్రకాశం మండలముల నల్లరేగడి పత్తికి తల్లి. కాని అది ఎండిన కొలది నెఱ్ఱెలు విచ్చును గనుక మూర్తిపై తొలిపూతకు పనికిరాదు. నది తెచ్చిన మెత్తని ఒండ్రుమట్టియే అందుకు తగును. ఆ మట్టిని బీటలు వారకుండ పట్టియుంచునది పత్తి పోగు. ఆ నేల ఇచ్చు పత్తి, దాని సహజదోషమును వారించుటకు తోడగుట ఎంత చక్కని పొందిక!

మొదటి పూత పలుచగా పూసి నీడలో ఆరనీయవలెను. రెండు దినములు గడచిన తరువాత రెండవ పూత. అదియు ఆరిన పిదప దళసరిగా మూడవది. మట్టి పూయకమునుపే మైనమును తూచియుంచుట శిల్పికి ముఖ్యము. ఏలయన లోహపు పరిమాణమును ఆ తూనికనుబట్టియే నిర్ణయింపవలెను. వెండి అయినచో మైనమునకు పండ్రెండు రెట్లు, బంగారమైనచో పదునారు రెట్లు అని మానసోల్లాసపు లెక్క. ఒక కిలో మైనముతో చేసిన రూపమునకు వెండి 12 కిలోలు వలయునన్నమాట. మైనము నీటికంటె కొంచెము తేలిక. వెండి నీటికంటె పదిన్నర రెట్లు బరువు. కనుక మైనమున్న చోటు నిండుటకు పదునొకండు రెట్లు సరిపోవును. తక్కినది తరుగునకు ఆధారము. ఎనిమిది వందల తొంబది ఏండ్లనాటి ఈ లెక్క నేటి తక్కెడలో తూచినను నిలుచుచున్నది.

ఆ మీద మూసను వేడిచేయుదురు. మైనము కరగి కారిపోవును. నెలల పని అంతయు ద్రవమై వెడలగా మట్టిలో మూర్తి ఆకారమున శూన్యము మిగులును. ఆ మూస వేడిగా ఉండగనే కొలిమిలో కరగిన లోహమును తెగని ధారగా పోయవలెను. ధార తెగినచో మూర్తియందు అతుకు పడును. పోత ముగిసిన పిదప తానుగా చల్లారువరకు ఓపికతో వేచియుండి, మట్టిని మెల్లగా పగులగొట్టవలెను. అంతవరకు లోపల ఏమి జరిగినదో శిల్పికిని తెలియదు.

మూసలో తడి, కల్లములో వాన

పోతలో భయపెట్టునది తడి. మట్టిలో కొంచెము తేమ మిగిలినను, లోహము తాకిన క్షణమున అది ఆవిరియై ఎగజిమ్మును. మూస పగులును, లేదా మూర్తి ఒంటిపై గుల్లలు పడును. వ్రేళ్ళకొనలకు లోహము చేరకమునుపే గడ్డకట్టుట మరియొక దోషము. అట్టి అంగహీనమూర్తి పూజార్హము కాదు. లోహమును మరల కరగింపవచ్చును. కాని మైనము పోయినది, మూస పగిలినది, శ్రమ పోయినది. మొదటినుండి మరల మొదలుపెట్టవలసినదే. ఒక మైనమునకు ఒక మూస, ఒక మూసకు ఒక మూర్తి.

ఈ బాధ పల్నాటి, ఒంగోలు సీమల రైతునకు వేరుగ చెప్పనక్కరలేదు. మిరప పండ్లు కోసి కల్లములో ఎండబోసిన రాత్రి అకాలవర్షము కురిసినచో ఏమగునో అతడెరుగును. విత్తనమునకు, ఎరువులకు, కూలీలకు పెట్టుబడి ముందే పెట్టియుండును. ఫలమెట్టిదో చివరికి గాని తెలియదు. స్వతంత్ర లోహశిల్పి గతియు అట్టిదే. అతనికి నెలజీతము లేదు. రాగి, ఇత్తడి, మైనము, బొగ్గు ముందుగ కొనవలెను. సహాయకులకు ఏరోజు కూలి ఆరోజు ఇయ్యవలెను. పోత చెడినచో, ఒప్పందమున వేరుగా వ్రాసికొననియెడల, ఆ నష్టము అతనిదే.

తెనాలి శిల్పులు

గుంటూరు మండలమున నేడు విగ్రహనిర్మాణమునకు పేరుగాంచిన పట్టణము తెనాలి. అచటి శిల్పులు దేవతామూర్తులతోపాటు దేశనాయకుల ప్రతిమలను చేసి జీవించుచున్నారు. దేవతామూర్తుల పని ఎల్లప్పుడును దొరకదు గనుక, కూడలిలో నిలుచు ప్రతిమలు అట్టివారికి బ్రతుకుతెరువగుచున్నవి. దీనిని తక్కువగ చూడరాదు. ఆ పనియే కొలిమిని ఆరకుండ నిలుపును. కొలిమి ఆరనిచోటనే ఉత్సవమూర్తియు జనించును.

తెనాలి సూర్య శిల్పశాలకు చెందిన కాటూరి వేంకటేశ్వరరావు, ఆయన కుమారుడు రవిచంద్ర, పారవేసిన ఇనుప తుక్కుతో ప్రతిమలు నిర్మించి ప్రఖ్యాతులైరి. 75,000 ఇనుప నట్లను కూర్చి పది అడుగుల గాంధీమహాత్ముని ప్రతిమను చేసిరి. సైకిలు గొలుసులు, పళ్ళచక్రములు, బోల్టులు మొదలగువానితో 2021లో ప్రధానమంత్రి నరేంద్ర మోదీ ప్రతిమను 14 అడుగుల ఎత్తున తీర్చిరి. ఇందు పోత లేదు. ముక్కకు ముక్క అతుకుటయే మార్గము. అర్చామూర్తులకు ఇనుమును వాడు ఆచారము లేదు గనుక ఇవి ఉద్యానములకు, కూడళ్ళకు తగినవి. అయినను ఒక ధర్మము ఇందు స్పష్టము: ఎవరికిని అక్కరలేని తుక్కునందు రూపమును ముందుగ చూచినవాడే శిల్పి.

విద్యాభ్యాసమునకు నేడు శాస్త్రీయ మార్గము కలదు. తిరుమల తిరుపతి దేవస్థానములు 1960లో తిరుపతిలో నెలకొల్పిన సాంప్రదాయ శిల్పశిక్షణ సంస్థయందు శిలాశిల్పము, దారుశిల్పములతోపాటు లోహశిల్పమును బోధింతురు. కాని చదువు ముగించి వెడలిన యువకునికి పనినిచ్చువారు గ్రామములలోని భక్తులే.

చేయించువారి ధర్మము

పత్తి అమ్ముడుపోయి, మిరప సొమ్ము చేతికివచ్చు వేళకు శ్రీరామనవమి సమీపించును. అపుడు గ్రామస్థులు సమావేశమై, సీతారామలక్ష్మణులకు ఉత్సవమూర్తులు కావలెనని తలంతురు. సంకల్పము మంచిదే; కాని పదునైదు దినములలో కావలెనని శిల్పిని తొందరపెట్టుట పాడి కాదు. నీడలో ఆరవలసిన మట్టిని నిప్పు సెగకు ఆర్చినచో బీటలు వారును. తొందర మనది, దోషము మూర్తిది, నింద శిల్పిది అగును.

కావున చేయించువారు నాలుగు నియమములు పాటించుట యుక్తము. ఒకటి, ముహూర్తమునకు కొన్ని నెలలు ముందుగనే పని అప్పగింపవలెను. రెండు, లోహమునకు సరిపడు సొమ్ము మొదటనే ఇయ్యవలెను. అప్పుచేసి కొన్న రాగితో దేవుని పోయించుకొనుట గృహస్థునకు శోభ కాదు. మూడు, బంగారము, వెండి భక్తులు సమర్పించినచో శిల్పి ఎదుట తూచి, కరగించువేళ పెద్దలు దగ్గర నిలువవలెను. దీనివలన భక్తునకు తృప్తి, శిల్పికి అపవాదు లేకుండుట రెండును సిద్ధించును. నాలుగు, పోత చెడినచో నష్టమునెట్లు పంచుకొనవలెనో ముందే మాటాడుకొనవలెను. వాన పాలైన పంటకు పరిహారము కోరువారు, పగిలిన మూసకు శిల్పినొక్కనినే బాధ్యుని చేయుట న్యాయమా?

ప్రతిష్ఠానంతరము ఆచార్యునితోపాటు శిల్పిని వస్త్రతాంబూలములతో సత్కరించుట పెద్దల ఆచారము. అది దానము కాదు, ఋణవిమోచనము. మైనము తాను కరగి స్వామికి చోటిచ్చును. మట్టి తాను పగిలి స్వామిని వెలికి ఇచ్చును. శిల్పియు ఆ రెంటివలె తన పేరును విడిచి తొలగిపోవుచున్నాడు. అట్లు తొలగినవానిని మరువకుండుట భక్తుల విధి. ఇకమీద ఊరేగింపున స్వామిని సేవించునపుడు, జనసమూహపు వెనుక వరుసలో చేతులు జోడించి నిలిచిన శిల్పి కనిపించినచో, అతనిని ముందునకు పిలిచి తొలి హారతి కన్నుల కద్దించుడు.

స్వస్తి.