షాకులు మార్చాక కొలతలు మరిచిపోకు

రాజోలు

చి. మేనల్లుడు శ్రీనుకి,

నువ్వు సెకండ్‌హ్యాండులో కొన్న ఆ ఆడీ టీటీకి కొత్త షాకులూ, అంగుళం దించే స్ప్రింగులూ వేయించావనీ, ఆదివారం అమలాపురం నుంచి దాన్నేసుకుని హైదరాబాదు బయల్దేరుతున్నావనీ మీ అమ్మ చెప్పింది. సరదాయే, కాదనను. గానీ వీల్ అలైన్‌మెంట్ చేయించకుండా మాత్రం గుమ్మం దాటకు. ఫోనులో చెబితే సగమే వింటావని రాస్తున్నాను. షెడ్డుకెళ్ళేటప్పుడు ఈ ఉత్తరం జేబులో పెట్టుకెళ్ళు.

బండి ఎత్తు తగ్గిందంటే చక్రాల కోణాలు మారాయన్నమాటే. ముందు చక్రాన్ని పట్టుకున్న టై రాడ్ ఒక వంపులో ఆడుతుంది, కింది ఆర్మ్ ఇంకో వంపులో ఆడుతుంది. ఎత్తు మారేసరికి ఆ రెండింటికీ పొంతన తప్పి టో, అంటే చక్రం లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం, మారిపోతుంది. వెనక చక్రాల పైభాగం లోపలికి వాలుతుంది, అది క్యాంబర్. అంచేత “షాకులేగా మార్చింది, స్టీరింగ్ జోలికే వెళ్ళలేదు” అని మెకానిక్ అంటే తలూపి వచ్చేయకు. మీ నాన్న స్విఫ్ట్‌కి ఎత్తు తగ్గించకుండా ఉత్త షాకులు మార్చినా అలైన్‌మెంట్ కావాల్సిందే. అందులో షాకుని పట్టి ఉంచే రెండు బోల్టుల దగ్గర ఉండే కాస్త ఆటే క్యాంబర్‌ని మార్చేస్తుంది.

టైర్లని ఎక్కువగా తినేసేది టో. మిషను కాగితంలో కొలతలు డిగ్రీలు, మినిట్లలో ఉంటాయి. డిగ్రీకి 60 మినిట్లు. ఒక చక్రం 10 మినిట్లు పక్కకి తిరిగి ఉందనుకో, కిలోమీటరుకి దాదాపు 3 మీటర్లు రోడ్డు మీద అడ్డంగా రాసుకుంటూ పోయినట్టే. 400 కిలోమీటర్ల ప్రయాణానికి కిలోమీటరు పైచిలుకు రాపిడి! ఇప్పుడే వెళ్ళి అరచేతిని ట్రెడ్ మీద అడ్డంగా, లోపలి నుంచి బయటికీ, బయటి నుంచి లోపలికీ రాసి చూడు. ఒకవైపు నున్నగా జారి, రెండోవైపు రంపపు పళ్ళలా గీరుకుంటే టో తప్పినట్టు. లోపలి అంచు ఒక్కటే బోడైపోతే ఎక్కువగా క్యాంబర్ పని. నిలబడి చూస్తే అది కనపడదు, వంగి చెయ్యి లోపలికి పెట్టాలి.

ఇక షెడ్డులో పని వరసగా జరిగేలా చూసుకో.

మొదట ఆర్ముల్లోని రబ్బరు బుష్‌ల సంగతి అడుగు. బండి లిఫ్టు మీద చక్రాలు వేలాడుతుండగా ఆర్ముల బోల్టులు గట్టిగా బిగించేశారా? అలా చేస్తే, బండి నేల మీదికి దిగగానే బుష్ రబ్బరు మెలితిరిగిపోతుంది. బండి ఎత్తు సరిగ్గా నిలవదు, రబ్బరు తొందరగా చిరుగుతుంది. ఆ బోల్టులు వదులు చేయించి, బరువు చక్రాల మీద పడ్డాకే బిగించమను. బాల్ జాయింట్లు, టై రాడ్ చివర్లు, బేరింగులు లూజున్నాయేమో కూడా అప్పుడే చూడాలి. లూజున్న బండికి ఎన్ని కొలతలు సర్దినా నిలవవు.

తరవాత టో ఒక్కటి సుమారుగా సర్దించి, రెండు మూడు వందల కిలోమీటర్లు మన చుట్టుపక్కలే తిప్పు. స్ప్రింగులు సర్దుకున్నాకే పూర్తి అలైన్‌మెంట్. ఆ రోజు ట్యాంకు నిండుగా, డిక్కీ ఖాళీగా ఉండాలి. మీ అమ్మ హైదరాబాదుకని సర్దిన కొబ్బరికాయల బస్తా, ఆత్రేయపురం పూతరేకుల డబ్బాలు ముందే దింపెయ్యి. టైర్లలో గాలి బండి మీది స్టిక్కరులో రాసినంతే కొట్టించు.

నేను ఆర్టీసీ గ్యారేజీలో ఉన్న రోజుల్లో, ముందు టైర్ల మధ్య దూరం ముందువైపొకసారి, వెనకవైపొకసారి కొలకర్రతో కొలిచేవాళ్ళం. ఆ రెండింటి తేడాయే టో. బస్సుకి అది చాలేది. నీ బండికి వెనక చక్రాలకి కూడా టో, క్యాంబర్ సర్దే బోల్టులున్నాయి. బండి ఎటు నడవాలో వెనక చక్రాలే చెబుతాయి కాబట్టి వెనకవి మొదట, ముందువి తరవాత. చాలాచోట్ల ముందు చక్రాల టో మాత్రం తిప్పేసి డబ్బులు పుచ్చుకుంటారు, ఒప్పుకోకు. మన సముద్రపు గాలికి ఆ వెనక బోల్టులు తుప్పు పట్టి బిగుసుకుపోయి ఉండొచ్చు. ముందురోజే తుప్పు వదిలించే నూనె కొట్టించి ఉంచు. గ్యాసు మంట పెడతానంటే వద్దను, పక్కనున్న బుష్ కాలిపోతుంది. ముందు చక్రాల క్యాంబర్‌కి నీ బండిలో విడిగా సర్దుబాటు లేదు. రెండు వైపులకీ తేడా ఎక్కువుంటే ఆర్ములు బిగించి ఉండే సబ్‌ఫ్రేమ్ వదులు చేసి, జరిపి సమం చేస్తారు.

మిషనులో నీ బండి మోడల్, అందులోనూ సరైన సస్పెన్షన్ రకం ఎంచుకున్నారో లేదో దగ్గరుండి చూడు. తప్పు మోడల్ పెడితే కొలతలన్నీ పచ్చగానే కనపడతాయి గానీ వాటికి విలువ లేదు. కుడి ఎడమల క్యాంబర్ తేడా అర డిగ్రీ దాటకూడదు. స్టీరింగ్ నిటారుగా ఉండగా టై రాడ్ నట్లు బిగించాలి. ఆపైన స్కానర్ పెట్టి స్టీరింగ్ సెన్సార్‌కి సున్నా స్థానం నేర్పించాలి. లేకపోతే డాష్‌బోర్డు మీద లైటు వెలగొచ్చు.

పని అయ్యాక రావులపాలెం దగ్గర 16వ నంబరు జాతీయ రహదారి ఎక్కి చూసుకో. కాలవ గట్టు రోడ్లు పనికిరావు, అవి ఓ పక్కకి వాలుతాయి, మంచి బండి కూడా ఆ వాలుకి జరుగుతుంది. హైవే మీద స్టీరింగ్ పట్టు కాస్త సడలిస్తే బండి తిన్నగా పోవాలి. ఎనభై, తొంభై స్పీడులో స్టీరింగ్ వణికితే బ్యాలెన్సింగ్ చూపించు, అది వేరే పని.

సర్దకముందు కొలతలు, సర్దిన తరవాత కొలతలు రెండూ ఉన్న కాగితం అడిగి తీసుకో. అది ఇవ్వని చోట డబ్బులివ్వకు. ఆదివారం ప్రయాణం వాయిదా వేసుకుని, ఆ కాగితం ఫోటో తీసి నాకు వాట్సాప్‌లో పంపు. నేను చూసి సరేనన్నాకే బయల్దేరు.

ఇట్లు,
మీ మావయ్య