అడవి దారికి రుసుము

నల్లమల కొండల యొడిలో, ఆళ్లగడ్డకు తూర్పున, అహోబిల క్షేత్రము కలదు. ఈ ప్రాంతము 2022వ సంవత్సరము వరకు కర్నూలు జిల్లాలో నుండెను. ఇప్పుడు నంద్యాల జిల్లాలోనిది. దిగువ అహోబిలమున ప్రహ్లాదవరదుని ఆలయమున్నది. అచ్చటికి సుమారు 8 కిలోమీటర్ల దూరమున ఎగువ అహోబిలమున్నది. ఈ క్షేత్రమున నరసింహస్వామికి తొమ్మిది ఆలయములు కలవు. వానిలో కొన్ని బాట ప్రక్కనే యున్నవి. జ్వాలా నరసింహుని గుడికి మాత్రము భవనాశిని వెంబడి రాళ్లపై నడిచి, కొండ నెక్కి పోవలెను. పావన నరసింహుని గుడి దట్టమైన అడవి నడుమ నున్నది.

కొండలకు దిగువ నున్నది రాయలసీమ మెట్టనేల. వానకై మొగము వాచియుండు ఆ సీమకు నల్లమల అడవి యొక పెన్నిధి. వాన చినుకును వేళ్లతో పట్టి, మెల్లమెల్లగా వాగులలోనికి విడుచునది ఆ అడవియే. కావున అచ్చటి చెట్టునకు కీడు కలిగినచో, దిగువనున్న రైతు బావికిని కీడు కలిగినట్లే.

పూర్వము యాత్రికులు కొలదిమంది మాత్రమే, జట్లు కట్టి, కాలినడకను వచ్చెడివారు. మూటలో అటుకులు, చేతిలో కఱ్ఱ, విస్తరాకులలో భోజనము. వారు విడిచిన ఆకులు నాలుగు దినములలో మట్టిలో కలిసిపోయెడివి. 1515వ సంవత్సరమున శ్రీకృష్ణదేవరాయలు ఈ క్షేత్రమును దర్శించి కానుకలు సమర్పించెను. రాజులును, దాతలును మండపములు కట్టించిరి; చలిపందిళ్లు పెట్టించిరి. బాటసారికి నీడయు నీరును దాతల పుణ్యమున దొరకెడివి.

నేడు కాలము మారినది. సెలవుదినములలో బస్సులును, కారులును బారులు తీరుచున్నవి. దైవదర్శనమునకు వచ్చువారితో పాటు, కొండను, జలపాతమును చూచి పోవుటకు వచ్చువారును పెక్కుమంది. వారు విడిచిపోవు ప్లాస్టిక్ సీసాలు, సంచులు ఏండ్ల తరబడి మట్టిలో కలియవు. వేసవిలో ఎవరో పారవైచిన బీడీ ముక్క ఒక్కటి చాలును, ఎండుగడ్డి యంటుకొని కొండవాలు బూడిద యగుటకు. చెత్తను ఎత్తవలెను, దారిని బాగుచేయవలెను, త్రాగునీరు, మరుగుదొడ్లు ఏర్పరుపవలెను, నిప్పు పడకుండ కావలి కాయవలెను. ఈ పనులన్నిటికిని పైకము కావలెను. ఆ పైక మెవరు చెల్లింపవలెను?

ఈ ప్రశ్నకు రెండు విధములైన సమాధానములు వినవచ్చుచున్నవి. అడవి ప్రజలందఱి సొత్తు, పన్నుల రూపమున ప్రజలు దానికై యిదివరకే చెల్లించియున్నారు, మరల వాకిట నిలిపి రుసుము అడుగుట తగదని కొందఱందురు. అడవికి రానివాడు పన్ను కట్టుచుండగా, వచ్చి వాడుకొని మలినపఱచినవాడు ఊరక పోవుట న్యాయము కాదని మఱికొందఱందురు. రెండు వాదములలోను కొంత సత్యము లేకపోలేదు.

మన శాసనము ఒక మార్గమును చూపుచున్నది. 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము అభయారణ్యములోనికి విహారమునకు పోగోరువారు అనుమతి పొంది, నిర్ణయించిన రుసుము చెల్లింపవలెను. 2006లో ఆ చట్టమును సవరించి, పులుల అభయారణ్యములకు సంరక్షణ సంస్థల నేర్పఱచిరి. ప్రవేశ రుసుములను మరల అచ్చటి మేలునకే వినియోగించుట ఆ సంస్థల ఉద్దేశములలో నొకటి. నల్లమలలోనే 1983లో నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్య మేర్పడినది. నల్లమల యందలి బైర్లూటి, పచ్చర్ల వంటి చోట్ల అటవీశాఖవారు విడిది శిబిరములను నెలకొల్పిరి. అచ్చట బస చేయువారు పైకము చెల్లింతురు. అట్టి శిబిరములలో స్థానికులకు వంట, కావలి, దారి చూపుట మొదలగు పనులు దొరకినచో, అడవిని కాపాడుటయే వారికి జీవనోపాధి యగును.

ఇతర దేశములలోను ఈ చర్చ జరిగినది. అమెరికాలో ప్రభుత్వ వనములలో రుసుము వసూలు చేయుటపై చాలకాలము వివాదము నడచినది. తుదకు 2004లో నొక చట్టము వచ్చినది. ఏ వసతిని వాడుకొనక అడవిలో ఊరక నడచిపోవువానివద్ద అటవీశాఖ రుసుము తీసికొనరాదు. విహారస్థలములందు రుసుము తీసికొనవలెనన్న మరుగుదొడ్డి, చెత్తకుండి, వాహనములు నిలుపు తావు, కూర్చుండుటకు బల్లలు, వివరము తెలుపు పలకలు, రక్షణ మొదలగు వసతు లుండవలెను. వసూలైన సొమ్ములో సాధారణముగా నూటికి 80 వంతులకు తక్కువ కాకుండ ఆ స్థలమునకే చెందవలెను. రుసుము చెట్టుకు వెల కాదు, చేసిన సేవకు ప్రతిఫలమే యని దీని భావము.

ఈ నీతిని అహోబిలమునకు అన్వయించి చూడవచ్చును. ఒక వృద్ధురాలు కూలిడబ్బులలో కొంత దాచుకొని, మనుమని వేలు పట్టుకొని స్వామి దర్శనమునకు వచ్చినదనుకొందము. మఱియొకరు పెద్దకారులో విహారమునకు వచ్చిరనుకొందము. ఇరువురిని ఒకే గాటను కట్టి ఒకే రుసుము అడిగినచో, కారువారికది లెక్కలోనిది కాదు; ముసలమ్మకు మాత్రము అది మనుమని తిరుగుబస్సు చార్జీ కావచ్చును. కావున వాహనమునకు, బసకు రుసుము విధించి, నడచి వచ్చు పేదకు దారిని విడుచుట ధర్మము. ఇక చెంచులున్నారు. తేనెయు, జిగురును సేకరించుచు తరతరములుగా వారు ఈ అడవిలోనే బ్రతుకుచున్నారు. 2006వ సంవత్సరపు అటవీ హక్కుల చట్టము అట్టివారి హక్కులను గుర్తించినది. అడవి దారిలో వారిని రుసుమడుగుట, ఇంటివానిని వాకిట నిలిపి పైకమడిగినట్లుండును.

వసూలు చేయువారికిని బాధ్యత కలదు. ఎంత వచ్చినది, దేనికి వ్యయమైనది పలకపై వ్రాసి అందఱికిని కనబడునట్లుంచవలెను. రుసుము తీసికొనియు దారిలో చెత్త కుప్పలుగా నున్నచో, ఆ చీటి వట్టి కాగితమే యగును. చెల్లించిన యాత్రికుడును, పైకమిచ్చితిని గనుక పాడుచేయు హక్కు నాకు వచ్చినదని తలపరాదు.

ఏటేట సంక్రాంతి పండుగ వేళ అహోబిల నరసింహుడు పారువేటకు బయలుదేరును. చెంచులక్ష్మితో తన వివాహమునకు రండని పిలుచుటకై స్వామి పల్లకిలో పల్లెపల్లెకు తిరుగునని ప్రజల నమ్మకము. కొండ నెక్కలేని ముదుసలికిని, ఛార్జీకి డబ్బులేని కూలికిని ఆ దినములలో గడప ముందే దర్శనము లభించును. ఆ పిలుపు ధనికులకు మాత్రమే కాదు, అందఱికిని. అడవి వాకిట రుసుము నిర్ణయించువారు ఈ పిలుపును మఱువరాదు; ఆ పిలుపు నందుకొని వచ్చువారు అడవి శుభ్రతను మఱువరాదు.