ద్రవలోహం – కంప్యూటరు చల్లదనం

కంప్యూటరులో లెక్కలన్నీ చేసేది ప్రాసెసరు. పనిచేసేటప్పుడు అది బాగా వేడెక్కుతుంది. ఆ వేడిని లాగివేయడానికి దానిపై హీట్‌సింక్ అనే లోహపు దిమ్మెను బిగించి, ఫ్యానుతో గాలి తోలుతారు. కాని ఎంత నున్నగా కనిపించినా రెండు లోహాల తలాలు పూర్తిగా కలవవు. నడుమ సన్నని సందులుంటాయి. వాటిలోని గాలి వేడిని సాగనివ్వదు. అందుకే అక్కడ థర్మల్ పేస్టు అనే లేపనం పూస్తారు.

లేపనానికి బదులు లోహాన్నే పూస్తే? పాదరసం గుర్తుకు వస్తుంది గాని, అది విషం. ఇక్కడ పనికివచ్చేది గేలియం. ఇటువంటి మూలకం ఉండాలని 1871లో మెండలీవ్ ఊహించగా, 1875లో ఫ్రాన్సు దేశీయుడు లెకాక్ ద బ్వాబోద్రాన్ దానిని కనుగొన్నాడు. ఇది సుమారు 30 డిగ్రీల సెల్సియస్ వద్దే, అంటే అరచేతిలోనే కరుగుతుంది. ఇండియం, తగరం కలిపితే గది ఉష్ణోగ్రతలోనూ ద్రవంగానే ఉంటుంది. లేపనం కంటె ఎన్నో రెట్లు బాగా వేడిని మోస్తుంది. 2020లో సోనీ సంస్థ తెచ్చిన ప్లేస్టేషన్ 5 అనే వీడియో గేమ్ యంత్రంలో ద్రవలోహాన్నే వాడారు.

అయితే లోహం కాబట్టి ఇది విద్యుత్తునూ మోస్తుంది. ఒక్క బొట్టు పక్కకు జారినా షార్టు సర్క్యూటు ఏర్పడి యంత్రమే పాడుకావచ్చు. ఇక అల్యూమినియంతో దీనికి అసలే పడదు. పైపొర గీసుకుపోయిన చోట గేలియం లోపలికి చొరబడి, గట్టి లోహాన్ని చేతితో విరిచేటంత పెళుసుగా మార్చివేస్తుంది. రాగి అలా విరగదు గాని, గేలియాన్ని మెల్లగా పీల్చుకుంటుంది. కొన్నాళ్లకు మళ్లీ పూయవలసి వస్తుంది. నికెల్ పూత గల రాగి అన్నిటికంటె మేలు. ఉత్తరాలు, లెక్కలు రాసుకునే మామూలు కంప్యూటరుకు ఇంత శ్రమ దండుగ; దానికి లేపనమే చాలు.