పేరు లేని కథకుడు

మార్కాపురం పలకలకు పేరెన్నికగన్న ఊరు. ఆ పలకపై అక్షరాలు దిద్దిన పిల్లవానికి చదవడం పట్టుబడిన పిదప చేతికందిన పత్రికలలో 'చందమామ' ఒకటి. నాగిరెడ్డి, చక్రపాణి 1947 జూలైలో మద్రాసులో దీనిని ప్రారంభించారు. మార్కాపురానికైనా గిద్దలూరికైనా కొత్త సంచిక అంత దూరం నుండి రావలసిందే; ఒకటి రెండు రోజులు ఆలస్యమైతే పిల్లలకు అన్నం సహించేది కాదు.

సంచిక చిక్కగానే వారు మొదట వెదకేది జానపద ధారావాహికను. 1954లో 'తోకచుక్క'తో మొదలైన ఆ వరుసలో 'మకరదేవత', 'ముగ్గురు మాంత్రికులు', 'కంచుకోట' మొదలైనవి వెలువడ్డాయి. వాటికి చిత్రా గీసిన బొమ్మలు ప్రాణం పోశాయి. మాంత్రికునికి చిక్కిన వీరుడు ఎట్లు బయటపడునన్న వాదం మరుసటి నెల వరకు తెగేది కాదు. బేతాళుని ప్రశ్న వద్ద పుటను అరచేత మూసి, 'నీవైతే ఏమందువు?' అని తోటివానిని నిలదీయడం మరొక వేడుక. పెద్దలు మాత్రం తక్కువవారా? పిల్లలకంటే ముందే చదివి, ఏమీ ఎరుగనట్లు ఇచ్చేవారు.

ఫోటో వ్యాఖ్యల పోటీలో గెలిచిన పాఠకుని పేరు, ఊరు పత్రికలో అచ్చయ్యేవి. ఇన్ని వేల మందిని ఊరించిన ధారావాహికలపై మాత్రం రచయిత పేరు ఉండేది కాదు. ఆయన దాసరి సుబ్రహ్మణ్యం. ఐదు దశాబ్దాలకు పైగా ఆ పత్రిక సంపాదకవర్గంలో పనిచేశారు. ఆయన ఎవరో చాలామంది పాఠకులు తెలుసుకొన్నది తల నెరసిన తరువాతనే. ఆయన 2010లో కన్నుమూశారు. ఆ పేరును పదిమందికీ చాటినవారు ఒకనాడు సంచిక కోసం వీధివైపు చూస్తూ కూర్చున్న ఆ పిల్లలే.