గడియారము నెదుట చదువుట

పంజాగుట్ట కూడలినుండి అమీర్‌పేట మైత్రీవనమువరకు నడచువారికి గోడలమీదను స్తంభములమీదను ఐ.ఇ.ఎల్.టి.ఎస్., జి.ఆర్.ఇ. అను అక్షరములు కనబడక మానవు. జిల్లాలనుండి వచ్చిన యువకులు ఇచటి హాస్టళ్లలో మంచమొకటి అద్దెకు తీసికొని, విదేశవిద్య కోరి ఈ పరీక్షలకై శ్రమించుచుందురు. గడచిన సంవత్సరము మన పూర్వవిద్యార్థి యొకడు నాయొద్దకు వచ్చి, "సారూ, మూడవ వ్యాసము సగమైనను కాకముందే సమయము ముగిసినది. పది ప్రశ్నలు చూడనే లేదు" అని తల వంచుకొనెను. తండ్రి అప్పుచేసి కట్టిన రుసుము అది. వాడు మందమతి కాడు. చదువుట వచ్చును, గడియారము నెదుట చదువుట రాదు.

ఆ పరీక్షలో పఠనభాగమునకు 60 నిమిషములు, మూడు వ్యాసములు, 40 ప్రశ్నలు. అకడమిక్ తరగతిలో వ్యాసములన్నియు కలిపి 2,150 మొదలు 2,750 మాటలుండును. జవాబులు ఎత్తివ్రాయుటకు వేరు సమయము లేదు. సగటున 30 జవాబులు సరియైనచో 7 బాండు, 23 సరియైనచో 6 వచ్చును. పది ప్రశ్నలు చూడక విడిచినవాడు తక్కినవన్నియు తప్పులేక వ్రాసినను 7 దాటుట కష్టమని దీనివలన తెలియుచున్నది.

ఇక లెక్క వేయుడు. నిమిషమునకు 100 మాటలు చదువువానికి 2,750 మాటలకు 27 నిమిషములకు పైగా పట్టును. 150 చదువువానికి 18. 250 చదువువానికి 11. అనగా 100 నుండి 150 కి ఎదిగినవాడు 9 నిమిషములు సంపాదించును. ఆపైన ఎంతో కష్టపడి 250 కి పోయినను అదనముగ దొరకునవి 7 మాత్రమే. కావున నిమిషమునకు వేయి మాటలు చదివింతుమను ప్రకటనలకు డబ్బు పోయ నక్కరలేదు. కీత్ రేనర్, ఆయన సహచరులు వ్రాయగా 2016 లో వెలువడిన సమీక్షలో, వేగము మితిమీరినచో అర్థగ్రహణము తగ్గుననియు, వేగమునకు మూలము కంటి పరుగు కాదు, భాషాపరిచయమనియు తేల్చిరి.

ఢాకా ఉపాధ్యాయ శిక్షణ కళాశాలకు ప్రిన్సిపాలుగ నుండిన మైకేల్ వెస్టు దొర 1926 లోనే, వంగదేశపు బాలునకు ఆంగ్లము మాటలాడుటకంటె మౌనముగ చదువుట ముందు నేర్పవలెనని వాదించెను. శిక్షణ కాలములో నేనది చదివితిని, పరీక్షలో వ్రాసితిని, తరగతిలోనికి వచ్చి మరచితిని. ఒకడు బిగ్గరగ చదువుచుండ తక్కినవారు వరుసమీద వ్రేలుపెట్టి వెంబడించుటయే నా పఠనపాఠము. నోటి వేగమే కంటికి అలవడినచో తప్పు పిల్లలది కాదు.

అందుచే ఆ యువకునితో ప్రతిదినము ఆంగ్లపత్రికనుండి సుమారు 500 మాటల వ్యాసమొకటి మౌనముగ చదివించితిని. మొదలుపెట్టిన నిమిషము, ముగించిన నిమిషము అంచున వ్రాయవలెను. పిమ్మట పత్రిక మూసి, ప్రతి పేరా చెప్పినదేమో ఒక్కొక్క వాక్యములో తెలుగున చెప్పవలెను. చెప్పలేనినాడు ఆ వేగమును లెక్కలోనికి తీసికొనలేదు. తెలియని మాటయొద్ద ఆగక, గీతగీసి ముందుకు పోయి, తుదకు నిఘంటువు చూడవలెను. మొదటి వారము వేగము పెరుగకపోగా తగ్గెను. వాడు విసిగెను, నేనును కొంత విసిగితిని.

వాని సమయమును ఎక్కువగ తినుచున్నది "నిజము, అబద్ధము, చెప్పబడలేదు" అను ప్రశ్నయని తరువాత కనుగొంటిమి. "2017 నవంబరులో మియాపూరునుండి అమీర్‌పేట మీదుగా నాగోలువరకు మెట్రో రైలు ప్రారంభమయ్యెను" అని వ్యాసములో నున్నదనుకొనుడు. ఆ మార్గము 2018 లో ప్రారంభమైనదనుట అబద్ధము. మెట్రోవలన అమీర్‌పేటలో బస్సులు తగ్గినవా? మీకు తెలిసియుండవచ్చును, కాని ఆ వాక్యము చెప్పలేదు. తెలివిగల పిల్లలే ఇచట చిక్కుకొందురు. తమకు తెలిసినదానిని వ్యాసములో వెదకుచు నిమిషములు పోగొట్టుకొందురు. దొరకని జవాబునకు ఒక నిమిషము మించి ఇయ్యవద్దంటిని.

తల్లిదండ్రులు ఎనిమిదవ తరగతినుండియే ఇంట ఈ అభ్యాసము చేయింపవచ్చును. ముందు తెలుగు వ్యాసముతోనే ఆరంభించుట మేలు. ఆంగ్లము రాని తల్లియు గడియారము చూడగలదు, బిడ్డ చెప్పిన సారము వినగలదు.

రెండవసారి పరీక్షకు పోయినపుడు వాడు మూడవ వ్యాసము ముగించి నాలుగు నిమిషములు మిగిల్చెను. రెండు జవాబులు తెలియక ఊహించి వ్రాసితినని భయపడుచు చెప్పెను. తప్పు జవాబునకు ఆ పరీక్షలో మార్కులు తగ్గింపరు గనుక ఖాళీగ విడువకపోవుటయే మంచిదంటిని.