బొబ్బెర్లలో పుచ్చు పురుగు – నిల్వ ఉండే శుక్రకణాలు

మన నల్గొండ మెట్ట పొలాల్లో పండే పెసర్లు, కందులు, బొబ్బెర్లు నిల్వ పెట్టిన కొన్నాళ్ళకే పుచ్చిపోవడం అందరికీ తెలిసిందే. విత్తనానికి దాచిన గింజ పుచ్చితే వానకాలానికి అప్పు చేసి విత్తనాలు కొనాలి. ఇందుకు కారణమైన చిన్న పెంకు పురుగుల్లో ఒకదాని శాస్త్రీయ నామం కాలోసోబ్రుకస్ మాక్యులేటస్. పునరుత్పత్తి పాఠం రాగానే తరగతిలో మనం నవ్వుకుంటాం. కానీ ఈ పురుగును అరికట్టాలంటే ఆ పాఠమే అవసరం.

ఆడ పురుగు విడుదల చేసే వాసనను బట్టి మగ పురుగు దాన్ని చేరుతుంది. మగ పురుగు పొట్ట చివర లోపల గొట్టం వంటి జననాంగం దాగి ఉంటుంది. సంపర్క సమయంలో అది బయటికి వచ్చి, ఆడ పురుగు జననమార్గంలో శుక్రకణాలతో కూడిన ద్రవాన్ని వదులుతుంది. ఆ శుక్రకణాలు శుక్రగ్రాహిక అనే చిన్న సంచిలో చేరి నిల్వ ఉంటాయి. గుడ్లు బయటికి వచ్చే దారిలో వాటితో ఫలదీకరణ జరుగుతుంది.

మొదటి సంపర్కంలో ఇచ్చే ద్రవం మగ పురుగు బరువులో సుమారు 5 నుండి 10 శాతం ఉంటుంది. పెరిగిన పురుగులు తిండి, నీరు లేకుండానే బతుకుతాయి. ఎండు గింజల మధ్య ఉండే ఆడ పురుగుకు ఆ ద్రవంలోని నీరు ఆధారం. విడిగా నీరు దొరికిన ఆడ పురుగులు తక్కువసార్లు జతకడతాయని ప్రయోగాల్లో తేలింది.

అయితే మగ పురుగు జననాంగం చివర గట్టి ముళ్ళుంటాయి. అవి ఆడ పురుగుకు లోపల గాయాలు చేస్తాయని, అందుకే అది వెనుక కాళ్ళతో మగ పురుగును తన్నుతుందని 2000లో ఇంగ్లాండు శాస్త్రవేత్తలు క్రడ్జింగ్టన్, శివజోతి వెల్లడించారు.

ఇక మనకు పనికివచ్చే సంగతి. శుక్రకణాలు నిల్వ ఉంటాయి కనుక, జతకట్టిన ఒక్క ఆడ పురుగు చేను నుండి గింజలతో ఇంటికి వచ్చినా చాలు. మళ్ళీ మగ పురుగు లేకుండానే అది గింజలకు గుడ్లు అంటిస్తుంది. పిల్ల పురుగు గింజలోకి తొలిచి, లోపలే పెరిగి, వెచ్చని వాతావరణంలో మూడు నాలుగు వారాల్లో గుండ్రని రంధ్రం చేసుకుని బయటపడుతుంది.

అందువల్ల గింజలను బాగా ఎండబెట్టి, గాలి చొరని డబ్బాలో పోయాలి. కిలో గింజలకు 5 మిల్లీలీటర్ల వంటనూనె పట్టిస్తే గుడ్లకు గాలి అందదు. బూడిద కలిపితే గింజల సందులు పూడి, పురుగులు తిరగడం, జతకట్టడం కష్టమవుతుంది. మన అవ్వలు బూడిద కలిపి దాచడంలో ఉన్న శాస్త్రం ఇదే. తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు విత్తనాల మూట ఒకసారి విప్పి చూడండి. గింజలపై తెల్లని చుక్కలుంటే అవే గుడ్లు.